అంచు ముక్కల సాఫీ

పోయిన వేసవి. మామిడికాయల లారీలు రాత్రీ పగలూ తిరిగే రోజులు. ముసునూరులో మా ఇంటి ముందు పాత ఇనప సామాన్ల బండి ఆగింది. బండతను వరండాలోకి వచ్చి, దుప్పటి కప్పి ఉన్న కుట్టుమిషన్‌ని వంగి చూశాడు. కాలితో ఒకసారి తొక్కాడు. చక్రం కిర్రుమంది.

"ఇనుము లెక్కనే సాయిబుగారూ. పన్నెండొందలు ఇస్తా" అన్నాడు.

సాయిబుగారు. ఆ పిలుపు మా అబ్బాది. నలభై ఏళ్ళు ముసునూరు సెంటర్లో ఆయన్ని అందరూ అలాగే పిలిచారు. నన్ను ఎవరైనా అలా పిలవడం అదే మొదటిసారి.

అబ్బా ఇంతెకాల్ అయి ఆరేళ్ళు. అమ్మీకి మోకాళ్ళు పనిచేయడం లేదు. ఇంటికి తాళం వేసి ఆమెను మాతోపాటు బెజవాడ తీసుకుపోదామని నేనూ, మా బేగమూ, ఇంటర్ పూర్తి చేసిన మా అమ్మాయీ వచ్చాం. మూడు రోజుల నుంచీ సామాను సర్దుతున్నాం. పట్టుకెళ్ళాల్సినవి, ఎవరికైనా ఇవ్వాల్సినవి, అమ్మేయాల్సినవి అని మూడు కుప్పలు. మిషన్ మూడో కుప్పలో ఉంది. అందులో చేర్చింది అమ్మీయే.

మిషన్ వెనక మూతి కట్టిన గోనె బస్తా ఒకటి ఉంది. మా అమ్మాయి దాన్ని ఇవతలికి లాగి, తాడు విప్పి బోర్లించింది. గచ్చు మీద నీలం కుప్ప పడింది. ముదురు నీలం, లేత నీలం, మబ్బు రంగు, నడుమ నడుమ నలుపు. గొట్టాల్లా ముడుచుకుపోయిన జీన్స్ ముక్కలు. ఒక్కొక్కటి నాలుగు వేళ్ళ వెడల్పు.

"దాదీ, యే క్యా హై?"

"గావ్ కే పావ్" అంది అమ్మీ. ఊరి కాళ్ళు.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బస్తాలో పడ్డ మొదటి ముక్క నాది.

అబ్బా దర్జీ. సెంటర్లో ఒక చిన్న కొట్టు, ఒక ఉషా మిషన్, గోడకు ఒక కొలతల పుస్తకం. సంక్రాంతికి ఒక రద్దీ. శివరాత్రికి బలివే తిరునాళ్ళకు ఒక రద్దీ. రంజాన్ నెలలో తరావీ చదివొచ్చి సహర్ దాకా మిషన్ తొక్కేవాడు. కాయ అమ్ముడుపోయి మామిడి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో పెళ్ళిబట్టలు, ఆ వెంటనే జూన్‌లో బడి యూనిఫారాలు. అబ్బాకు నాప్ తీసుకోవడం అంటే ఒక అదబ్. మెడలోంచి టేపు తీసి "బిస్మిల్లా" అనుకుని భుజం నుంచి మొదలుపెట్టేవాడు. కొలతలు ఉర్దూలో రాసుకునేవాడు. "ఊళ్ళో ఎవడి నడుం ఎంతో బ్యాంకు మేనేజరుకు తెలీదు, నాకు తెలుసు" అనేవాడు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంటర్‌లో తెలుగులోకి మారాను. ఆ రోజుల్లోనే జీన్స్ మా ఊరికి వచ్చింది.

ఇప్పటి పిల్లలు నమ్మరుగానీ, జీన్స్ మా ఊళ్ళోకి మొదట దర్జీల చేతికే వచ్చింది. 1995లో అహ్మదాబాద్ అరవింద్ మిల్స్ వాళ్ళు రఫ్ అండ్ టఫ్ అని ఒక పొట్లం తెచ్చారు. అందులో జీన్స్ బట్ట, జిప్పు, రాగి బొత్తాలు, వెనక నడుముకు కుట్టే తోలు ముక్క. ధర 195 రూపాయలు. కొనుక్కుని ఊళ్ళో దర్జీకి ఇస్తే ఆయన కుట్టిపెడతాడు. రెడీమేడ్ జీన్స్ అంత సొమ్ము పెట్టలేని చిన్న ఊళ్ళ కుర్రాళ్ళ కోసం చేసిన ఏర్పాటు. దేశమంతా వేలమంది దర్జీలు ఆ పొట్లాలు కుట్టారు. వాళ్ళలో మా అబ్బా ఒకడు.

మొదటి పొట్లం విప్పిన రోజు ఆ బట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బట్టనా, తార్పాలునా?" అన్నాడు. పద్నాలుగో నంబరు సూదులు రెండు విరిగాయి. నూజివీడు వెళ్ళి పద్దెనిమిదో నంబరు సూదులు తెచ్చుకున్నాడు. నాలుగు మడతలు కలిసే చోట మిషన్ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ, ఒక్కో కుట్టూ దించేవాడు. తిట్టుకుంటూనే ఆ బట్ట మెలకువలు పట్టాడు.

1996లో రంజాన్ ఈద్ ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఈద్‌కు అబ్బా తన డబ్బుతో ఒక పొట్లం కొని నాకు జీన్స్ కుట్టాడు. రాత్రిళ్ళు, గిరాకీ పని అయ్యాక. సర్‌ప్రైజ్ అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదుగానీ, అది అదే.

నాకు అది తెలీదు. నేను అంతకు ముందు వేసవిలో తోటలో కాయలు బుట్టలకెత్తి దాచుకున్న కూలి డబ్బులు తీసుకుని బెజవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్ళి రెడీమేడ్ జీన్స్ కొనుక్కొచ్చాను. కాలేజీలో దర్జీ కుట్టిన జీన్స్‌ను దూరం నుంచే పట్టేసేవాళ్ళు. "సాయిబు జీన్స్‌రా" అనేవాళ్ళు. ఆ మాట నా మీద పడకూడదనుకున్నాను.

చాంద్‌రాత్ నాడు అబ్బా తాను కుట్టింది ఇస్త్రీ చేసి నా మంచం మీద పెట్టాడు. పక్కనే నేను తెచ్చుకున్నది ఉంది. రెంటినీ చూశాడు. నాది చేతిలోకి తీసుకుని కుట్టు తిరగేసి చూశాడు. "మంచి కుట్టు" అన్నాడు. తరవాత నన్ను తొడుక్కోమన్నాడు. కాళ్ళ దగ్గర నాలుగు అంగుళాలు నేల మీద ఈడుస్తోంది. రెడీమేడ్ ఏదో ఒక పొడుగు మనిషిని ఊహించుకుని కుడతారు కదా, మనలాంటివాళ్ళకు ఎప్పుడూ ఎక్కువే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దతో గీత గీసి, కత్తిరించి, అప్పటికప్పుడు అంచు మడిచి కుట్టి ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు.

మర్నాడు ఈద్‌గాకు నేను ఆ రెడీమేడ్ జీన్స్‌లోనే వెళ్ళాను. అబ్బా కుట్టింది ఆ తరవాత మా ఫుప్పూ కొడుకు తొడుక్కున్నాడు. కత్తిరించిన రెండు అంచు ముక్కల్ని అబ్బా ఒక ఖాళీ బస్తాలో వేశాడు. దర్జీ ముక్క పారేయడు. ఎప్పుడైనా మోకాలి దగ్గర చిరిగితే పైవంద్ వేయడానికి అదే రంగు ముక్క కావాలి కదా.

తరవాతి నాలుగైదేళ్ళలో ఆ బస్తా నిండింది. కొట్టు ఖాళీ అయింది. పొట్లాలు రావడం ఆగిపోయింది. రెడీమేడ్ జీన్స్ చవకైపోయాయి. ఊరి కుర్రాళ్ళు నూజివీడులో, ఏలూరులో, బెజవాడలో కొనుక్కొచ్చి, పొడుగు తగ్గించడానికి మాత్రం అబ్బా దగ్గరికి వచ్చేవాళ్ళు. ప్యాంటు కుడితే అరవై రూపాయలు వచ్చే చోట అంచు మడిస్తే ఐదు రూపాయలు. కొలతల పుస్తకం మీద దుమ్ము చేరింది. మెడలో టేపు ఉండేదిగానీ దాంతో పని లేదు. అంచు మడవడానికి నాప్ అక్కర్లేదు, కాలి మీద ఒక సుద్ద గీత చాలు. "నేను దర్జీని కాదురా, కోసేవాడిని" అన్నాడు ఒకసారి. జీన్స్ అనే మాటే ఆయన నోట వచ్చేది కాదు. "ఆ బట్ట" అనేవాడు.

నేను అప్పుడు తెలుగు డిగ్రీ చదువుతున్నాను. ఆ తరవాత పేపర్లో చేరాను. మా కొట్టు ఎందుకు మూతపడుతోందో నా ఒంటి మీదే ఉంది. చూసుకోలేదు.

ఇక సాఫీ సంగతి.

పొయ్యి మీంచి వేడి గిన్నె దించే గుడ్డను మన ఇళ్ళల్లో సాఫీ అంటాం. తెలుగువాళ్ళు మసిగుడ్డ అంటారు. అదే గుడ్డ. ఒక భాష దాంట్లో శుభ్రాన్ని చూసింది, ఇంకో భాష దానికంటిన మసిని చూసింది. డిగ్రీలో మా తెలుగు మాస్టారు "కార్యక్రమం సాఫీగా సాగింది" అని చెబితే నాకు ఎర్రగా కాలిన దేగ్చీ కళ్ళ ముందు కనిపించి నవ్వొచ్చేది. ఇక ఫార్సీ నుంచి వచ్చిన దస్త్‌పనా ఉంది, పట్టకారుకు మన పెద్దవాళ్ళు వాడే పేరు. చేతికి పనాహ్, అంటే చేతికి రక్ష. వంటింటి పనిముట్టుకు అంతకన్నా మంచి పేరు నేనెక్కడా వినలేదు.

దర్జీ ఇంట్లో సాఫీకి కరువేముంటుంది? కొట్లో మిగిలిన ముక్కలన్నీ బావర్చీఖానాకే చేరేవి. ఆ రోజుల్లో ముక్కలంటే టెరికాట్ ముక్కలే. ప్యాంటు గుడ్డలు. ఒక షబే బరాత్ సాయంత్రం అమ్మీ సెనగపప్పు హల్వా కలిపి దేగ్చీ దించబోయింది. చేతిలో ఉన్న టెరికాట్ ముక్క కొస మంటకు తగిలింది. నూలు గుడ్డ అయితే అంటుకుంటుంది, విదిలించి పారేయొచ్చు. టెరికాట్ అలా కాదు. కరిగింది. కరిగి అమ్మీ అరచేతికి అంటుకుంది. దేగ్చీ పడేస్తే పక్కనే కూర్చున్న పిల్లల మీద పడుతుంది. ఆమె పడేయలేదు. కింద పెట్టాకే అరిచింది.

కుడి అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తస్బీ తిప్పేటప్పుడు కనిపిస్తుంది.

ఆ రాత్రి ఊళ్ళో అందరూ ఇబాదత్‌లో ఉన్నారు. అబ్బా కూడా మసీదుకు వెళ్ళి వచ్చాడు. వచ్చి, పడుకోకుండా కొట్టు తాళం తీసుకుని వెళ్ళాడు. సెలవులకు ఇంట్లో ఉన్న నేను వెనకే వెళ్ళాను. లాంతరు వెలుగులో బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టి, దొరికిన ముక్క తీశాడు. దాంట్లోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. కాగితంలా కాలి బూడిద అయింది. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తరవాత ఒక టెరికాట్ పోగు కాల్చాడు. అది చివర చిన్న నల్లపూసలా గట్టిపడింది. ఆ పూసను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ముక్క తన కత్తెర కిందనుంచి వెళ్ళిందే కదా.

అప్పుడు కుట్టాడు. ఒక జీన్స్‌కు రెండు కాళ్ళు, రెండు అంచు గొట్టాలు. గొట్టాన్ని కుట్టు దగ్గర కోసి విప్పితే పదహారు అంగుళాల పొడుగు, నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ వస్తుంది. రెండు పట్టీల్ని పక్కపక్కన కలిపి కుడితే పదహారుకు ఏడు. మధ్యకు మడిస్తే ఎనిమిదికి ఏడు. మడత లోపల పాత తువ్వాలు ముక్క. చుట్టూ ఒక కుట్టు, అడ్డంగా నిలువుగా గళ్ళు కుట్టు. ఒక మనిషి ప్యాంటు అంచుకు సరిగ్గా ఒక సాఫీ.

తెల్లారి అమ్మీ ఎడమ చేతికి ఇచ్చి, "ఇది కరగదు" అన్నాడు. "కాలితే కాలుతుంది, బూడిదవుతుంది. అంటుకోదు."

"ఆ బట్ట" గురించి ఆయన నోట నేను విన్న మొదటి మంచి మాట అది.

ఇంట్లో గొడవ మా దాదీమాతో వచ్చింది. "తోబా! కాళ్ళ గుడ్డతో అన్నం గిన్నె పట్టుకుంటారా? రిజ్క్‌కు ఒక అదబ్ లేదా?" అని రెండు రోజులు ఆ గిన్నెలోది తినలేదు. అబ్బా వాదించలేదు. కొత్తవి ఒకటికి మూడుసార్లు ఉతికి, ఎండేసి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "కడిగితే పాక్ అమ్మా. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తన బట్టలు తానే కుట్టుకునేవారని నువ్వే కదా చెప్పావు చిన్నప్పుడు" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి ఒక సులహ్‌కు వచ్చింది. గిన్నె పట్టుకోవడానికి సరే. రోటీలు చుట్టడానికి మాత్రం తెల్ల నూలు గుడ్డే. దస్తర్‌ఖాన్ దగ్గరికి ఈ నీలం గుడ్డ రాకూడదు. మా ఇంట్లో ఆ ఒప్పందం ఇవాళ్టికీ నడుస్తోంది.

తరవాత పక్కింటి వాళ్ళు అడిగారు. బెల్లం పాకం పట్టేవాళ్ళు, తోటల్లో కూలీలకు వండేవాళ్ళు అడిగారు. అబ్బా అందరికీ ఊరికే కుట్టి ఇచ్చాడు. బస్తా ఎలాగూ ఊరిదే.

ఒకరోజు నూజివీడు నుంచి పెళ్ళిళ్ళకు వండే బావర్చీ ఒకాయన కొట్టుకు వచ్చాడు. బిర్యానీ దేగ్ దమ్ మీంచి దించేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి పట్టాలి, చిన్న సాఫీలు జారిపోతున్నాయి, ఏమన్నా చేసిపెట్టగలరా అని అడిగాడు. అబ్బా కాసేపు ఆలోచించాడు. తరవాత మెడలోంచి టేపు తీశాడు.

"బిస్మిల్లా" అని బావర్చీ అరచేతి మీద టేపు పరిచాడు. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా. తరవాత వెడల్పు. రెండు చేతుల మధ్య దేగ్ అంచుకు ఎంత దూరం కావాలో చేతులు చాపించి కొలిచాడు. కొలతల పుస్తకం దుమ్ము దులిపి, కొత్త పేజీలో ఉర్దూలో రాసుకున్నాడు. ఎన్నేళ్ళ తరవాతో ఆ పుస్తకంలో పడిన నాప్ అది. ఆ పేజీ నేను చూశాను. ప్యాంటు, చొక్కా అని రాసే చోట "హాథ్" అని ఉంది. చెయ్యి.

పాడైపోయిన ఒక జీన్స్ తెప్పించుకుని దాని కాలు నిలువునా కోసి, మూరెడు పొడవు పట్టీలు రెండు కలిపి, రెండు కొసల్లోనూ చెయ్యి దూరేట్టు జేబులు పెట్టాడు. ఆ జేబులు జీన్స్ వెనక జేబులే. అమ్మీ దానికి జోడు సాఫీ అని పేరు పెట్టింది. బావర్చీ ఇరవై రూపాయలు ఇచ్చాడు. అబ్బా తీసుకున్నాడు. ఊరికే ఇచ్చిన సాఫీల గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదుగానీ ఈ ఇరవై రూపాయల గురించి ఫోన్‌లో నాకు మూడుసార్లు చెప్పాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇరవై రూపాయలకు ఇంత సంతోషమా అనుకున్నాను. ఆయన చెబుతున్నది డబ్బు గురించి కాదు. మళ్ళీ ఒక మనిషి తన దగ్గరికి కొలత ఇవ్వడానికి వచ్చాడని.

నేను ఆయనకు చెప్పాల్సింది ఒకటి ఉండిపోయింది. పేపర్ పని మీద బట్టల చరిత్ర వెతుకుతుంటే తెలిసింది. జీన్స్‌కు రాగి రివిట్లు కొట్టి ఇప్పుడు మనకు తెలిసిన రూపం ఇచ్చినవాడు జేకబ్ డేవిస్. అమెరికాలో రీనో అనే ఊళ్ళో దర్జీ. కట్టెలు కొట్టే ఒకాయన భార్య వచ్చి, మా ఆయనకు చిరగని ప్యాంటు కుట్టిపెట్టమంటే, జేబుల మూలలకు రాగి రివిట్లు కొట్టి ఇచ్చాడు. పేటెంటు తీసుకోవడానికి డబ్బు చాలక, తాను బట్ట కొనే వ్యాపారి లీవై స్ట్రాస్‌ను కలుపుకున్నాడు. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంటు వచ్చింది. ప్రపంచానికి గుర్తుండిపోయింది వ్యాపారి పేరు. దర్జీ పేరు ఎవరికి తెలుసు? ముతక నీలం బట్టకు ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరు డంగరీ కూడా మన ముంబయి డోంగ్రీ నుంచి వెళ్ళిందే. "అబ్బా, ఆ బట్ట పరాయిది కాదు, మన బిరాదరీదే" అని ఆయనతో అనాల్సింది. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆయన లేడు.

బండతను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "పదమూడొందలు చేసుకోండి" అన్నాడు. అమ్మీ నా వైపు చూసింది.

"నక్కో" అన్నాను. వద్దు.

"తొక్కేవాళ్ళెవరు రే?" అంది అమ్మీ.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దర్జీ కొడుకునన్న మాటేగానీ నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు. చదువుకుంటే చాలు, ఇటు రావద్దని అబ్బాయే రానివ్వలేదు. మా అమ్మాయి మాత్రం అప్పటికే ఫోన్ లైటు వేసి మిషన్ లోపల చూస్తోంది. నూనె పోసి, బెల్టు మార్పించాం. రెండు రోజుల్లో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళం వారం ఉండిపోయాం. ఆ వారం మేమిద్దరం అమ్మీ ముందు కూర్చుని నేర్చుకున్నది మీకూ చెబుతాను. మన ఇళ్ళల్లో పాత జీన్స్ లేని అల్మారా లేదు. స్టీలు గిన్నెల ఆమె వస్తే నాలుగు జీన్స్‌కు ఒక బేసిన్ ఇస్తుంది. లీవైస్ కంపెనీ 2015లో తానే లెక్క కట్టి చెప్పింది, ఒక్క జత జీన్స్‌కు పత్తి పంట దగ్గర్నుంచి మనం ఉతికే ఉతుకుల దాకా 3,781 లీటర్ల నీళ్ళు పడతాయని. అంత తాగిన బట్టను మధ్యలో వదిలేయడం ఇస్రాఫ్ కాదా?

ముందు పోగు కాల్చి చూడండి. జీన్స్‌లో నిలువు పడుగు నీలం, అడ్డం పేక తెలుపు. అందుకే లోపలి వైపు తెల్లగా కనిపిస్తుంది. తెల్ల పోగును కాల్చాలి, ఎందుకంటే సాగే జీన్స్‌లో ఆ రబ్బరు గుణం దాగేది తెల్ల పోగులోనే. బూడిద అయితే పొయ్యి దగ్గరికి పనికొస్తుంది. పూస కట్టితే పొయ్యి దగ్గరికి రానివ్వకండి, సంచులకు వాడండి. మా అమ్మాయి జీన్స్ అయిదింటిలో నాలుగు పూస కట్టాయి. అబ్బా బస్తాలో ముక్కలు దాదాపు అన్నీ బూడిద అయ్యాయి. పాతకాలం జీన్స్ నూలుతో చేసినవి.

విడిగా రెండు మూడుసార్లు ఉతికి రంగు దిగాకే కోయండి. తొడల లోపలి వైపు బట్ట అరిగి పల్చబడుతుంది, వదిలేయండి. మోకాలి కింద, పిక్క వెనక భాగం గట్టిగా ఉంటుంది. రెండు పొరల జీన్స్, మధ్యలో పాత తువ్వాలు. నైలాన్, టెరికాట్ పెట్టొద్దు. సూది పదహారు గానీ పద్దెనిమిది గానీ. మందంగా ఉన్న కుట్టును పచ్చడిబండతో నాలుగు దెబ్బలు కొడితే అణుగుతుంది, అప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పాలి. రాగి రివిట్లు కోసి తీసేయాలి, ఇనుమూ రాగీ వేడెక్కి చేతిని కాలుస్తాయి. వెనక జేబును చుట్టూ అంగుళం వదిలి కోసి సాఫీ మీద కుడితే చెయ్యి దూర్చుకోవడానికి జేబు తయారు. బెల్టు దూర్చే పట్టీ మేకుకు తగిలించుకోవడానికి.

పక్క కుట్లు లావుగా తాడులా ఉంటాయి. వాటిని పొడుగ్గా కోసి, చుట్టలా చుట్టుకుంటూ చేతిసూదితో కుడితే వేడి గిన్నె కింద పెట్టే కుదురు వస్తుంది. మోకాలి నుంచి కింద దాకా కాలు గొట్టాన్ని కోసి, కోసిన వైపు మూసి కుట్టండి. రెండో వైపు కంపెనీ మడిచిన అంచులో సన్నగా ఒక కన్నం చేసి నాడా దూర్చితే వెల్లుల్లికీ ఉల్లిపాయలకూ మూతి కట్టే సంచి. గాలి ఆడుతుంది, మొలకెత్తకుండా చీకటిగానూ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట అమ్మీది. ఎంత మందం సాఫీ అయినా తడిగా ఉంటే ముట్టుకోవద్దు. గాలికన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని మోస్తుందని నేను పుస్తకంలో చదివాను. అమ్మీ చదవలేదు. "గీలీ సాఫీ దుష్మన్ కీ దోస్తీ" అంది. తడి సాఫీ, శత్రువు చేసే స్నేహం. పట్టుకునే దాకా మెత్తగా ఉంటుంది.

బస్తాలో ముక్కల్ని మేం జతలు జతలుగా పేర్చాం. ఎవరి కాళ్ళవో తెలీదు. అందులో కొందరు గల్ఫ్‌కు వెళ్ళారు, కొందరు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, ఒకరిద్దరు లేరు. నా ముక్కల కోసం వెతికాను. మొదట పడ్డవి అడుగున ఉండాలి. అడుగున ఉన్నవి చీమలు కొట్టి, తుప్పు మరకలు పడి, ఏ రంగో చెప్పలేకుండా ఉన్నాయి. లేదా ఆ షబే బరాత్ రాత్రి అబ్బా చెయ్యి పెట్టినప్పుడు దొరికింది నాదేనేమో. అమ్మీని అడిగాను.

"మొదటి సాఫీ ఏమైంది అమ్మీ?"

"క్యా హోతా? మాడి మాడి పోయింది. సాఫీ కదా" అంది.

ఈద్ జీన్స్ సంగతి అప్పుడు ఎత్తాను. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి. అబ్బా బాధపడ్డాడా అని అడిగాను. అమ్మీ వెంటనే ఏమీ అనలేదు. గచ్చు మీది నీలం ముక్కల్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"పడ్డాడు" అంది. "మర్నాడు నువ్వు ఈద్‌గాకు నడుస్తుంటే వెనకనుంచి చూసి, అంచు సరిగ్గా కూర్చుంది అన్నాడు."

అంతే చెప్పింది. అంతకన్నా నేను అడగలేదు.

బయల్దేరే రోజు పొద్దున నేను నా చేత్తో ఒక సాఫీ పూర్తి చేశాను. రెండు పట్టీలు, లోపల తువ్వాలు, చుట్టూ కుట్టు, లోపల గళ్ళు. అమ్మీ చాయ్ గిన్నె దించడానికి దాన్ని తీసుకుంది. మచ్చ ఉన్న అరచేతిలో పెట్టుకుని గిన్నె దించి, గచ్చు మీద పెట్టింది. తరవాత సాఫీని వెలుగుకు తిప్పి చూసింది.

"కుట్టు వంకర" అంది. "మీ అబ్బా అయితే విప్పించేవాడు."

విప్పాను. బెజవాడ వచ్చాక మళ్ళీ కుట్టాను. మిషన్ ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. కొలతల పుస్తకం దాని సొరుగులో ఉంది. "హాథ్" అని ఉన్న పేజీ కింద మా అమ్మాయి ఇంకో నాప్ రాసింది, వాళ్ళ దాదీది. తనకు వచ్చిన ఉర్దూలో, వంకర అక్షరాలతో.